కొలిమితిత్తి అన్న నోటికి

కుట్టు దుకాణంలో కటింగ్ బల్ల దగ్గర నిలబడే ఆవిడ, సొంత ఆడపడుచుకే మిఠాయిలో ఏదో పొడి కలిపి పెట్టిందని ఆ వీధంతా చెప్పుకుంటారు. పొడి తెల్లగా ఉంటుందని బేకరీ ఆమె అంటుంది. కాదు, పచ్చగా ఉంటుందని ఇస్త్రీ అతను అంటాడు. ఇద్దరూ చూసింది లేదు. “తిన్నామె చెయ్యి చెడింది, పెట్టినామె చెయ్యి పైకొచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలి?” అని మాత్రం ఇద్దరూ ఒక్క గొంతుతో అంటారు.

అసలు సంగతి ఈ పుకారు పుట్టడానికి ముందటేడు, ఏడాది చివరి సెలవుల్లో మొదలైంది. దుకాణం మూడో అంతస్తులో ఉంది. సెలవులు దగ్గర పడితే అక్కడ తల ఎత్తడానికి తీరిక ఉండదు. కటింగ్ బల్ల అప్పుడు ఆమెదే. ఇంట్లో పెదవి విప్పని మనిషి, ఆ బల్ల ముందు కత్తెర పట్టుకుంటే దుకాణం నడిపే మాస్టారికే ఎదురు చెప్పేది. ఆమె మాట చెల్లే చోటు లోకంలో అదొక్కటే.

పని ఒత్తిడిలో అన్నం ఊసే ఉండేది కాదు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు పంపిన మిఠాయి డబ్బాలు, టీ మీద టీ. మరుగుదొడ్డి కింద ఉంది, దిగి ఎక్కే ఓపిక లేక మంచినీళ్ళు తాగడమే మానేసింది. కాళ్ళు వాచాయి. మెట్లెక్కితే ఊపిరి అందేది కాదు.

ఒకరోజు ఆమె రొప్పుకుంటూ పైకి వచ్చేసరికి, గుండీలు కుడుతున్న వదిన, అదే ఆ ఆడపడుచు, అందరికీ వినబడేలా అంది:

“మాస్టారూ, కింద ఎవరో కమ్మరి కొట్టు పెట్టారనుకున్నా. తీరా చూస్తే మా మరదలు! కొలిమితిత్తి నయం, మధ్యలో ఆగుతుంది.”

దుకాణం గొల్లుమంది. వదిన వెంటనే గొంతులోకి జాలి తెచ్చుకుంది. “పాపం, నిలబడలేకపోతోంది. బల్ల నేను చూసుకుంటాలెండి.” మాస్టారు సరేనన్నాడు. ఆమెకి గుండీల డబ్బా, పొట్టి పీట దక్కాయి. దానితోపాటు కొలిమితిత్తి అన్న పేరు కూడా.

ఇంటికొచ్చి చెబితే భర్త, “అక్క ఊరికే నవ్వులాటకి అంది. పట్టించుకోకు” అన్నాడు.

ఆమె పట్టించుకుంది.

మర్నాటి నుంచి దుకాణానికి దగ్గర దారి మానేసి చుట్టుదారి పట్టింది. అడుగడుగుకీ వదినని మనసులో ఒక తిట్టు తిట్టుకునేది. తిట్లు అయిపోయేలోపు దారి అయిపోయేది. కొన్నాళ్ళకి దారి చాలక ఇంకో వీధి కలుపుకుంది. పీట పక్కన నీళ్ళ సీసా పెట్టుకుంది. మెట్లు దిగాల్సి వస్తే దిగింది, ఎక్కాల్సి వస్తే ఎక్కింది. మధ్యాహ్నం కాగానే గుండీ సగంలో ఉన్నా సూది గుడ్డకే గుచ్చి వదిలేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం, కూర తినేది. రాత్రి అందరూ టీవీ ముందు కూర్చుంటే తను దుప్పటి ముసుగేసేది. ఆరోగ్యం కోసమని ఒక్కనాడూ అనుకోలేదు. పళ్ళెంలో కూర ముక్క నమిలినప్పుడల్లా ఎవరి మాటనో నమిలినట్టుండేది.

మళ్ళీ సెలవులొచ్చాయి. డబ్బాలు వచ్చాయి. తన వాటా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

“మీరు తినండి వదినా.”

“ఏమే, ఒళ్ళు తగ్గించుకుని ఎవరికి చూపిద్దామని?”

“మీకే.”

వదిన నవ్వి మూత తీసింది. ఆ రోజే కాదు, రోజూ తీసింది. నిలబడి చేసే పని, మధ్యాహ్నం తిండి మిఠాయే, నీళ్ళు లేవు. పొద్దు వాలేసరికి కళ్ళు వాలిపోయేవి.

అప్పుడే ఒక పాటల బృందానికి గౌన్లు కుట్టాల్సి వచ్చింది. అందరికీ ఒకే ముదురెరుపు వెల్వెట్. మామూలు బట్టయితే అటూ ఇటూ మడతలు పేర్చి ఒకేసారి కోసేయొచ్చు. వెల్వెట్‌కి పిల్లి వీపులా నూగుంటుంది. ఒకవైపు నిమిరితే మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. అందుకని పొరపొరకీ కోసి, నూగంతా ఒకే వైపుండేలా తిప్పి పేర్చాలి. వదిన నిద్రమత్తులో మామూలు బట్టలా మడతలేసి కోసేసింది.

గౌన్లు కుట్టి వరసగా వేలాడదీశాక మాస్టారు దీపం వేశాడు. ఒకటి మెరుస్తోంది, దాని పక్కది మసి పూసినట్టుంది.

“ఇదేంటమ్మా ఇది? సగం పెళ్ళిబట్టలు, సగం కాటికాపరి బట్టలు!”

“కళ్ళు మూతలు పడ్డాయి మాస్టారూ…” వదిన ఏడ్చేసింది.

మాస్టారు కొత్త వెల్వెట్ తాను తెప్పించి పొట్టి పీట వైపు చూశాడు. “నిలబడగలవా?”

ఆమె లేచింది. సాయంత్రం దాకా కూర్చోలేదు, ఎక్కడా రొప్పలేదు. చివరి ముక్క కోశాక, పీట మీద ముడుచుకుని కూర్చున్న వదిన వైపు తిరిగి, అదే జాలి గొంతుతో అంది:

“గుండీలు జాగ్రత్త వదినా. కళ్ళు మూతలు పడితే సూది దిగుతుంది.”

ఈసారి నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. బల్ల మళ్ళీ ఆమెదైంది, ఇప్పటికీ ఆమెదే.

పొడి కథ ఆ వారమే పుట్టింది. డబ్బాల్లో మిఠాయి తప్ప ఏమీ లేదు. వదిన నూగు చూసుకోకుండా వెల్వెట్‌ని మడత మీద మడత వేస్తున్నంతసేపూ ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని చూస్తూనే ఉంది.