సంతకం మీద గ్రీజు మరక

పోయిన వారం పాతపట్నంలో అద్దె జీపెక్కాను. ఎత్తు మొదలవగానే కాళ్ల కింద రేకు గుంయ్‌మని మోగింది. వెనకే కాలిన గ్రీజు వాసన. అంతే, యాభై ఏళ్లు దాటిన మాట, అప్పలసూరి మేస్త్రి కళ్లముందుకొచ్చేశాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి, చెవి మీద సగం కాల్చిన చుట్ట, ఎప్పుడు చూసినా ఏదో ఒక బండి కింద. ఏం చెప్పాలన్నా మనం ఆయన పాదాలతో చెప్పుకోవాలి.

అరవైల చివర్లో ఆ ఊళ్లో మా ఆఫీసు జీపుల షెడ్డుకు నేను కొత్త సూపర్‌వైజర్ని. చేతిలో డిప్లొమా, కళ్లు నెత్తిమీద. వానాకాలం ఆస్పత్రి డాక్టరమ్మ మా జీపులో కొండ ఊళ్లకు మందులు తీసుకెళ్లేది. గెడ్డలనే కొండవాగులు దాటేటప్పుడు జీపులోకి నీళ్లొచ్చి పెట్టెలు తడిసిపోయేవి. చక్రాల మీద బండిని మోసే కమానులకు అదనంగా పట్టీలు వేసి బండిని మూడంగుళాలు లేపమన్నాను.

జీపు కింద పాదాలు కదిలాయి. "బాబూ, బండితోపాటు గేరుపెట్టె కూడా పైకి పోతాది. వెనక ఇరుసు కిందే ఉండిపోతాది. మద్దిలో షాఫ్టు ఏటైపోవాల?"

ఆయన చెప్పేది ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే చిన్న గేరుపెట్టె గురించి. అక్కణ్ణించి ఇరుసు దాకా వెళ్లేదే షాఫ్టు. "నాకు నేర్పకు మేస్త్రీ" అని చీటీ మీద ఆర్డరు రాసి, సంతకం గీకి, ఆ పాదాల పక్కన పెట్టాను. ఏం పొగరో అప్పట్లో!

మూడోరోజు ఎత్తు మీద షాఫ్టు కీలు పుటుక్కున విరిగింది. డాక్టరమ్మ వానలో తడుస్తూ నాలుగు మైళ్లు నడిచి వెనక్కొచ్చింది. కొండ మీద జ్వరాలవాళ్లకు మందులు అందలేదు. ఆఫీసరు మండిపడ్డాడు. "బిగించిందెవరు?"

నోరు జారలేదు, కావాలనే అన్నాను. "మేస్త్రండీ."

"రేపణ్ణించి వాణ్ణి రావద్దను."

మేస్త్రి అక్కడే ఉన్నాడు. చెవి మీది చుట్ట తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. షెడ్డు వైపు నడిచాడు.

కాసేపటికి షెడ్డుకు వెళితే ఎప్పట్లాగే జీపు కింద పాదాలు. "రండి బాబూ, కింద తొంగుని సూడండి" అన్నాడు. తెల్లచొక్కాతోనే పడుకున్నాను. మేస్త్రి తన కూతురి బడి పలకను షాఫ్టు పక్కన ఆనించి, నట్టు కట్టిన దారం వేలాడదీసి, సుద్దతో వాలు గీశాడు. బండి లేపకముందే గీసి ఉంచిన పాత వాలు పక్కనే ఉంది. కొత్త గీత ఎంత ఏటవాలో చూస్తే నాకే భయమేసింది.

"మెడ ఇంత వొంచి నడమంటే మీరు నడుస్తారేటి?" అన్నాడు. "ఓ పట్టీ తీసేస్తాను. గేరుపెట్టెని మోసే అడ్డకమ్మీ కాడ ఇనప ముక్కలెట్టి దాన్ని అంగుళం దించుతాను. మరీ దించితే రాళ్లకి తగుల్తాది."

రేపు ఉద్యోగం లేని మనిషి రేపటి బండి గురించి చెబుతున్నాడు! సిగ్గుతో చచ్చిపోయాను. "నా చీటీ సారుకు చూపించలేదేం?" అని అడిగాను.

జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "సూపిస్తే మీ నౌకరీ పోతాది. నాది పోతే ఇంకోకాడ రెంచీ పట్టుకుంటాను. మీరేటి పట్టుకుంటారు బాబూ?"

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మట్టి చొక్కాతోనే వెళ్లి చీటీ ఆఫీసరు బల్ల మీద పెట్టాను. తిట్లు తిన్నాను. ఇంకో ఏడాది దాకా నా ఉద్యోగం ఖాయం కాలేదు. మేస్త్రి మాత్రం షెడ్డులోనే ఉన్నాడు. ఆ వారంలోనే డాక్టరమ్మ జీపు కిక్కురుమనకుండా కొండెక్కింది.

ఆఫీసరు విసిరికొట్టిన ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. నా సంతకం మీద ఆయన బొటనవేలి గ్రీజు మరక. రిటైరయ్యేదాకా, కింద పడుకుని చూడకుండా ఏ బండి కాగితం మీదా సంతకం పెట్టలేదు.

పోయిన వారం కూడా జీపు ఆపించి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను. మోకాళ్లు గోల పెట్టాయి, పెట్టనీ అనుకున్నాను. గీత గీయడానికి సుద్దముక్క లేదు గానీ, వాలు చూడగానే తెలిసిపోయింది, ఈ బండిని కూడా ఎవరో కమానులకు పట్టీలు వేసి లేపేశారు.

"తాతా, ఏటి సేస్తన్నావు? లెగు, లెగు!" అని డ్రైవరు నా పాదాలతో మొరపెట్టుకుంటున్నాడు.