తోటకు పోయిన జాడీల ముడి

మా అత్తగారికి ఇద్దరు కోడళ్ళం. పెద్దదాన్ని నేను, కోయంబత్తూరు ఇంట్లో ఆమె దగ్గరే ఉండిపోయాను. చిన్నది సూలూరు అవతల తోటలో కాపురం పెట్టింది. పెత్తనమంతా అత్తగారిదే. ఏ చేనుకు ముందు నీళ్ళు పారించాలి, ఏ ఆవును అమ్మాలి, అన్నీ ఇక్కడి నుంచే కబురు వెళ్ళేది. కబురుతో పాటు ఊరగాయో అరిసెలో జాడీలో పెట్టి, మూతికి తెల్లగుడ్డ కప్పి, మిల్లు నూలుతో ఒక ముడి వేసి పాలేరు చేత పంపేది. దారిలో విప్పినవాడు దాన్ని మళ్ళీ అలా వేయలేడు.

ఆ ముడి నాకు రాదు. చిన్నదానికి వచ్చు. పక్కనే ఉండి కాళ్ళు పట్టిన నన్ను కాదని దానికి నేర్పిందే అని, ఆమె పోయి ఇన్నేళ్ళయినా నా కడుపు మండుతూనే ఉంది.

మొన్న నా మనవరాలు వచ్చింది. చరిత్ర చదువుతోంది. వెనకటికి తూర్పు రోమా రాజులు ఎక్కడో పట్నంలో కూర్చుని సముద్రంలోని దీవులను ఏలేవారట. సైప్రస్ అనే దీవికి అధికారిని పంపేవారట. ఉత్తరానికి దారం కట్టి, ఆ దారం మీద సీసం బిళ్ల పెట్టి పట్టకారుతో అదిమితే రెండు వైపులా అచ్చు పడేదట. ఒక వైపు మేరీమాత, ఇంకో వైపు అధికారి పేరు, పదవి.

"ఉత్తరాలన్నీ పోయినాయి అవ్వా. బిళ్లలే మిగిలినాయి. అవి కూడా పంపిన చోట కాదు, చాలావరకు అందిన చోటే దొరికేది."

"మా అత్త జాడీ మాదిరే ఉందే," అన్నాను. అనకపోయి ఉంటే బాగుండేది.

"ఆ ముడి వీడియో తీయాల. క్లాసులో చూపించేదానికి. చిన్నవ్వను పిలిపించు."

"ఏం, ఈ ఇంట్లో చేతులుండేవాళ్ళు లేరా?"

"నీకు వచ్చునా మరి?"

చారు పొంగుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మర్నాడు చిన్నది గాంధీపురంలో బస్సు దిగి, తలనిండా మల్లెపూలతో వచ్చింది. పెళ్ళికూతురిలా ముందరి గది, కూడం నడుమ కూర్చుంది. మనవరాలు ఫోను పట్టుకుంది. దారం జారకుండా వేలు పెట్టి అదమడం నా వంతు.

"అక్కా, వేలు కొంచెం తియ్యి. ముడి పడలేదు."

తీయలేదు. "అత్త నీకు ఇది ఎప్పుడు నేర్పింది? అది చెప్పు ముందు."

చిన్నది నోరు తెరిచి చూసింది. "నేర్పేదా? ఆయమ్మ ఎవరికైనా ఏదైనా నేర్పిందా అక్కా? వచ్చిన జాడీలన్నీ విప్పేది నేనే కదా. విప్పి విప్పి పట్టుకున్నాను. ముందుగా నాలుగు అరిసెలు తినేసి, మళ్ళీ కట్టి, మీ మరిది వచ్చినాక ఆయన ముందర విప్పేదాన్ని!"

"చిన్నవ్వా! దొంగముద్ర వేసినావా నువ్వు!" మనవరాలు ఫోను పడేసేంతగా నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ మంట అంతటితో చల్లారాలి. చల్లారలేదు, ఇంకో చోట అంటుకుంది. అత్తగారు నాకు అన్నీ చేతికే ఇచ్చేది, మూత లేని గిన్నెలో, తిను అని. చిన్నది మాత్రం దూరంగా ఉండి, తన పేరు మీద కట్టి వచ్చినవి విప్పుకుంటూ కూర్చుంది. ఒక్క జాడీ అయినా నా పేరున వచ్చిందా?

వేలు తీశాను. ముడి పడింది. వీడియోలో చిన్నదాని ముఖమే ఉంది, నాది బొటనవేలు.

సాయంత్రం బయలుదేరుతూ, తెచ్చిన కజ్జికాయల డబ్బా సంచిలోంచి తీసి నా చేతికివ్వబోయింది.

"ఇప్పుడొద్దు," అన్నాను. "తీసుకుపో. ఇంటికి పోయి, గుడ్డ కప్పి, ముడి వేసి పంపు."

"చుమ్మా ఉండక్కా, ఊరుకో! చేతిలో ఉండేదాన్ని మళ్ళీ మోసుకుపోయి పంపేదా?"

"పంపు. ఎవరి చేతనైనా పంపు. నా పేరు చెప్పి పంపు."