మధ్యాహ్నమైతే ఆగిపోయే లాప్‌టాప్

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, మే నెల. కదిరి బస్టాండు వెనక సందులో నాది లాప్‌టాప్‌లు రిపేరు చేసే అంగడి. ఎండాకాలం వస్తే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి వేడెక్కి ఆగిపోయే యంత్రాలే. లోపల ప్రాసెసర్ వేడి ఒక హద్దు దాటితే లాప్‌టాప్ తనంతట తానే ఆగిపోతుంది. దీన్ని థర్మల్ షట్‌డౌన్ అంటాం. అది చెడిపోవడం కాదు, చెడిపోకుండా తనను తాను కాపాడుకోవడం.

శిరీష అనే అమ్మాయి అలాంటి లాప్‌టాప్ తీసుకొని మా అంగడికి వచ్చింది. దగ్గర్లోని పల్లె ఆమెది. బెంగళూరు కంపెనీకి ఇంటి దగ్గరనుంచే బిల్లులు టైపు చేసే పని చేస్తోంది.

"మధ్యాహ్నమైతే చాలన్నా, ఆగిపోతాంది. మళ్లా ఇట్లయితే పనిలోంచి తీసేస్తామని చెప్పినారు" అంది.

విప్పి చూస్తే ఫ్యాన్ నిండా దుమ్ము, శనక్కాయ పొట్టు. శుభ్రం చేసి, థర్మల్ పేస్ట్ మార్చాను. ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే మందు లాంటిది అది. అంగడిలో మూడు గంటలు నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు రోజులకే మళ్లీ వచ్చింది. ఈసారి ఫ్యానే మార్చాను. మూడోసారి వచ్చేసరికి నాకు విసుగొచ్చింది.

"పరుపు మీద పెట్టుకుంటాండవా ఏమన్నా? ఈడ బాగానే ఉండాది గదా?"

"స్టూలు మీదనే పెట్టుకుంటాండానన్నా. నాయనకు పక్షవాతం. ఆయన్ను ఇడిచిపెట్టి మాటిమాటికీ రాలేను. నువ్వే ఒకసారి ఇంటికొచ్చి చూడు."

మరుసటి రోజు రెండు గంటలప్పుడు బండి మీద పోయాను. ఒకటే గది, పైన సిమెంటు రేకులు. వడగాలి కొడుతోందని కిటికీ మూసేసింది. మంచం మీద వాళ్ల నాయన పడుకొని ఉన్నాడు. రెండేళ్ల కిందట జబ్బు చేసి మాట పోయిందట, కుడివైపు చెయ్యీ కాలూ ఆడవట. మంచం పక్కనే స్టూలు, దాని మీద లాప్‌టాప్. టేబుల్ ఫ్యాన్ ఆయన వైపు తిరిగి ఉంది.

వేడిని కొలిచే సాఫ్ట్‌వేర్ తెరిచాను. పని ఏమీ పెట్టకముందే అంకె ఎర్రగా మారింది. కారణం దొరికిందనిపించింది. లోపలికి తీసుకునే గాలే కాలుతూ ఉంటే ఏ ఫ్యానయినా ఏం చేస్తుంది?

"ఈ ఫ్యాను ఒక నిమిషం ఇటు తిప్పుతా" అన్నాను.

శిరీష మంచం వైపు చూసింది. "తిప్పన్నా, నాయన నిద్రపోతాండాడులే."

తిప్పాను. అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది. మూడుసార్లు తప్పించుకున్న లోపాన్ని పట్టుకున్న సంతోషంలో దాన్నే చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు గడిచి ఉంటాయి. అప్పుడు గమనించాను, అంత ఉడకలో ఆ పెద్దాయన ముఖం మీద ఒక్క చెమట చుక్క లేదు.

లేచి ఆయన చేతిని తాకాను. పొడిగా ఉంది, కాలిపోతోంది. పిలిచాను. కళ్లు సగం తెరుచుకున్నాయి గానీ నన్ను చూడలేదు.

"ఎప్పటినుంచి నిద్రపోతాండాడమ్మా?"

"నిన్న సాయంత్రం నుంచి. సతాయించకుండా పండుకున్నాడు గదా అని నేనూ పని చేసుకుంటాండా. ఏమైందన్నా?"

ఫ్యాన్‌ను ఆయన వైపు తిప్పి, పంచె తడిపి ఒంటి మీద కప్పాము. కిటికీ తెరిచాను. 108కి ఫోన్ చేశాను. కదిరి ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు, అక్కడినుంచి అనంతపురం పెద్దాసుపత్రికి పంపారు. మూడో రోజు ఆయన పోయాడు.

దినాలు అయ్యాక శిరీష అంగడికి వచ్చింది. అక్క వాళ్ల ఇంటికి పోతోందట, పాత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంది.

"దీన్ని మూడుసార్లు నీ దగ్గరికి ఎత్తుకొచ్చినా గదన్నా" అంది లాప్‌టాప్ వైపు చూస్తూ. "నాయన్ను ఒక్కసారన్నా డాక్టర్ దగ్గరికి తీసకపోలేదు."

"ఫ్యాను దీని వైపు తిప్పింది నేను గదమ్మా."

"నువ్వు పది నిమిషాలు కూచున్నావు. నేను రోజంతా పక్కనే ఉండినా."

పెన్‌డ్రైవ్ చేతికిచ్చాను. బస్సు దాకా తోడు పోయాను.

మా పనిలో లోపం యంత్రంలోనే ఉంటుందనుకొని ముందు స్క్రూలు విప్పుతాం. నేనూ పన్నెండేళ్లు అదే చేశాను. ఇప్పుడు వేడెక్కుతోందని ఎవరు తెచ్చినా, యాడ పెట్టి వాడతాండారు, ఆ గదిలో ఇంకెవరుంటారు అని అడిగాకే బల్ల మీద పెడతాను. కొందరు విసుక్కుంటారు, కొందరు నవ్వుతారు. మొన్న ఎండల్లో ఒకాయన, "మా అవ్వ ఉంటాదప్పా. దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు.

"లాప్‌టాప్ ఈడ్నే ఉండనీ. నువ్వు ముందు ఇంటికి పోయి అవ్వను పలకరించి రా" అన్నాను.