వాకిట్లో గడ్డి

ఆ రోజుల్లో నా కంటికి ప్రపంచంలో ఏదీ సరిగ్గా అమర్చినట్టు కనబడేది కాదు. (మరీ పాతకాలం మాటేం కాదు, మోకాళ్ల నొప్పులు ఇంకా మొదలవని కాలం, అంతే.) హైదరాబాద్‌లో ఒక ల్యాండ్‌స్కేపింగ్ కోర్సు చేసి, సర్టిఫికెట్ పట్టుకుని వరంగల్‌లో రైలు దిగిన దగ్గర్నుంచి నాకు ‘ఫోకల్ పాయింట్’ జబ్బు పట్టుకుంది. చూడగానే కన్ను వెళ్లి ఆగే చోటు ప్రతి తోటకూ ఒకటుండాలని మా సార్ చెప్పారు లెండి. ఇక చూస్కోండి, స్టేషన్ ముందు ఆటోల వరసకు ఫోకల్ పాయింట్ లేదు, నాన్న స్టీలు సామాన్ల దుకాణంలో బిందెలకు లేదు. ఓ రోజు అమ్మ వడ్డించిన కంచానికి కూడా లేదన్నాను. అమ్మ పచ్చిపులుసు గిన్నె తెచ్చి అన్నం నడుమ టక్కున పెట్టి, “ఇగో నీ పాయింటు. మూసుకోని తిను” అంది.

నాన్నకు మాత్రం ఇదేమీ నవ్వులాటగా లేదు. “చెట్లు పెట్టెటందుకు చదువెందుకే? వాన పడితే అవ్వే మొలుస్తయి గదా!” అనేవాడు. చివరికి మా మేనత్త మధ్యలో దూరి ఒక రాజీ కుదిర్చింది. హనుమకొండలో ఆమె కొత్తగా కట్టిన ఇంట్లో ఆమె కూతురు, అంటే మా వదిన నిశ్చితార్థం. ఆ ఇంటి ముందు తోట పని నాది. “మంచిగైతే నీ ఇష్టమున్న పని చేసుకో. కాలేదనుకో, తెల్లారి నుంచి దుకాణంల గల్లా మీద కూసుంటవ్. మల్ల చెట్టన్న మాట నాకు ఇనవడొద్దు” అని నాన్న తేల్చేశాడు. స్టీలు గ్లాసుల మధ్య నా బతుకు తెల్లారిపోవడం కళ్లకు కట్టినట్టు కనిపించింది.

అత్త అప్పటికే వర్ధన్నపేటలోని వియ్యాలవారికి గొప్పలు చెప్పేసింది. “మా ఇంటి ముందట లాన్ ఉంటది వదినా, జంపఖానా పరిచినట్టే!” అని. ముందురోజు సాయంత్రం లారీలో, మట్టితో సహా చాపల్లా చుట్టిన పచ్చిక దిగింది. నేనూ ఇద్దరు కూలీలూ మట్టి చదును చేసి, పరిచి, నీళ్లు పట్టాం. అబ్బ, ఏం అందమండీ! నా పచ్చికను చూసి నేనే మురిసిపోయి ఇంటికెళ్లి పడుకున్నాను. నేను అటు వెళ్లగానే ఇటు మా బాపమ్మ (అంటే నాన్న తల్లి, నిండు ప్రేమ గల మనిషి, తెల్లవారకముందే లేచే మనిషి) నిశ్చితార్థం పనులకు సాయమని కూతురింటికి వచ్చింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

పొద్దున స్కూటీ దిగుతూనే ప్రహరీ బయట ఒక బర్రె కనిపించింది. కళ్లు అరమూసుకుని ఏదో తింటోంది. ఆ మొత్తం దృశ్యానికి అదే ఫోకల్ పాయింట్. గేటు తీసి చూస్తే లోపల ఒక్క గడ్డిపోచ లేదు! వాకిలంతా ఊడ్చి, పేడనీళ్లు చల్లి, నడిమధ్యన ఇంతంత పెద్ద ముగ్గు వేసి ఉంది. బాపమ్మ, పక్కింటి అమ్మలక్కలిద్దరూ నడుములు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

“వచ్చినవా బిడ్డా? ఫికర్ చెయ్యకు, అంత సాఫ్ చేసినం” అంది బాపమ్మ. “ఆ లారోడు నిన్ను మోసం చేసిండు. మట్టి తెమ్మంటే గడ్డితోని తెచ్చి పోసిండు. వాకిట్ల గడ్డుంటే వియ్యాలోళ్లు ఏమనుకుంటరు, ఇంట్ల మనుషులు లేరనుకోరా? నీ చేతులు నొస్తయని మేమే పీకినం.”

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అక్కడే మెట్టు మీద కూలబడి బోరుమన్నాను. లారీవాడు మోసం చేశాడని ఏడుస్తున్నాననుకుని బాపమ్మ వాడి ఏడు తరాలనూ తిట్టడం మొదలుపెట్టింది. సగం కట్టిన పట్టుచీరతో అత్త పరుగెత్తుకొచ్చి, “నా లాన్ ఏదే?” అంది.

“బర్రె కడుపుల ఉంది అత్తా.”

“అయ్యో, జంపఖానా లెక్కుంటదని చెప్పుకున్న గదనే!” అని అత్త నెత్తి కొట్టుకుంది. ఆ మాట చెవిన పడగానే నాకు ఏడుపు ఆగిపోయింది. జంపఖానాలు నేసే కొత్తవాడకు స్కూటీ ఉరికించి, నాన్న పేరు చెప్పి ఒక దుకాణం తెరిపించి, “పచ్చయి ఎన్నుంటే అన్నియ్యి” అన్నాను. పచ్చ జంపఖానాల మీద నెమళ్లున్నాయి. ఉండనీ అనుకుని ఆటోలో వేయించుకొచ్చి పరవబోతే, బాపమ్మ అడ్డం నిలబడింది. “ముగ్గు మీద పరుస్తవా? పండుగ పూట ఇదేం పని!” ఆమెతో వాదించే టైమ్ లేక, ముగ్గును వదిలేసి చుట్టూ పరిచాను.

వియ్యాలవారు దిగారు. పచ్చదనం చూడగానే అందరూ గేటు దగ్గరే చెప్పులు విడిచి, వచ్చి తాపీగా చతికిలబడ్డారు. నాన్న గోడకానుకుని నన్నే చూస్తున్నాడు. నేను చచ్చిపోయాననే అనుకున్నాను. వియ్యపురాలు మెల్లగా ఒక నెమలిని నిమిరి, “గిదేనా లాన్?” అంది. అత్త కన్నార్పకుండా, “గిదే వదినా” అంది.

“లాన్ అంటే గడ్డేమో అనుకోని పరేషానైన. గడ్డి మీద కూసుంటే నాకు ఒకటే దురద. గిదైతే దులుపుకోవచ్చు, మడత పెట్టుకోవచ్చు. నడుమ గా ముగ్గు చూడు, కన్ను గాడికే పోతాంది! బిడ్డా, మా ఇంటి ముందట గూడ గిట్లనే చేసిపెట్టవా?”

అందరూ వెళ్లాక నాన్న నన్ను పక్కకు పిలిచాడు. గల్లాపెట్టె నా కళ్ల ముందు గిర్రున తిరిగింది. “తోటనే తెల్లారేసరికి మాయం చేసినవు. నిన్ను గల్లా మీద కూసోబెడితే నా దుకాణం మిగులుతదా? పో తల్లీ, నీ చెట్లే నువ్వు పెట్టుకో” అన్నాడు. ఆ మాటకు నేను ఎగిరి గంతేశాను. బాపమ్మ మాత్రం ఆ లారీవాడిని ఇంకా తిడుతూనే ఉంది.

ఇప్పుడు నేను గీసే ప్రతి ప్లానులోనూ గేటు లోపల కాస్త నేల ఖాళీగా ఉంటుంది. అదేంటని అడిగినవాళ్లకు డిజైన్ అని గంభీరంగా చెబుతాను. బాపమ్మ లేదు. ఆ ఖాళీ ఆమె ముగ్గు కోసమేనని, బతికుండగా ఆమెకొకసారి చెప్పి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపిస్తుంది. మొన్న పొద్దున మా ఇంటి ముందు ఫోన్లో ఎవరికో లాన్ పెంపకం గురించి ఉపన్యాసం ఇస్తూ, కాళ్ల దగ్గర గడ్డి కనబడితే వంగి పీకుతూ పోయాను. ఫోన్ పెట్టేసి చూసుకుంటే నా లాన్‌లో చాపంత చోటు బోడిగా ఉంది. ఇంట్లోకి వెళ్లి ముగ్గు డబ్బా తెచ్చుకున్నాను.