గారెల వాసన కొట్టిన ఇంజను

మా బావగారు నిడదవోలులో కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరయ్యాక, మురుగు మడ్డిలోంచి డీజిలు తీస్తానని కూర్చున్నారు. మురుగునీరు శుద్ధి చేసే చోట అడుగున పేరుకునే మడ్డిని డ్రమ్ములకెత్తించి తెచ్చి పెరట్లో ఎండబెట్టారు. ఊరందరి వంటల జిడ్డూ అందులోనే ఉంటుందట, పిండుకోవడమే తరువాయట. ఆ వాసనకి గోదావరి వంతెన మీద పోయే రైలు కిటికీలు వాటంతటవే మూసుకునేవి. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కింటివైపు ఒరిగి ప్రాణం దక్కించుకుంది.

మా అక్క ఓర్చి ఓర్చి షరతు పెట్టింది. పెద్దాపురం మరిడమ్మ జాతరలోగా ఆ డీజిలుతో పొలంలో ఇంజను తిరగాలి, లేదంటే డ్రమ్ములు వచ్చిన దారినే పోతాయి. తనూ వాటితోపాటే పోవాలేమోనని బావగారికి బెంగ పట్టుకుంది.

పిండగా పిండగా వచ్చిన జిడ్డు చీమ తలంటుకోడానికి చాలదు. పెద్ద సీసా అడుగున దాన్ని చూసుకుంటూ, "మనవాళ్ళు నూనె తినడం మానేశారేంటోయ్?" అని నా దగ్గర వాపోయారు.

జాతర దగ్గరపడ్డాక ఒక పొద్దున సీసా మెడదాకా నిండి ఉంది. సైన్సు నిదానంగా పనిచేస్తుందన్నారు బావగారు. స్పిరిటూ కాస్టిక్ సోడా కలిపి, వెచ్చబెట్టి, పైన తేరిన డీజిలు ఇంజనులో పోశారు. హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. పొగగొట్టంలోంచి కమ్మటి మినపగారెల వాసన! నాట్లు వేస్తున్నవాళ్ళు చేతులు కడుక్కుని గట్టుమీద బంతి కూర్చున్నారు. ఒక పెద్దాయన అల్లప్పచ్చడి ఏదండీ అని అడిగాడు.

ఊరి మురుగులో గారెల అంశ ఎక్కువని బావగారు వాళ్ళకి పాఠం మొదలెట్టారు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పక్కకి పిలిచి అడిగాను.

"మొన్న మావయ్యగారి తద్దినానికి గారెలు వేయించిన నూనెరా. సీసా అలా వట్టిగా ఉంటే మనసొప్పలేదు. మనింట్లో దేనికైనా నూనె తక్కువేశామా?"

"మరి షరతు?"

"డ్రమ్ములు పోతే బాగుండుననే పెట్టాను. ఆయన మొహం చూశాక చేతులాడలేదు."

డ్రమ్ములు పెరట్లోనే ఉండిపోయాయి. బావగారు ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేసి రుజువు చేస్తానంటున్నారు. పాపం అక్క, అస్తమానం గారెలు వండుతోంది. తినేవాళ్ళు లేక సైన్సు ఆగిపోకూడదని నేనూ రాజమండ్రి నుంచి వచ్చిపోతున్నాను.