ఇరవై ఐదు పాయింట్ నాలుగు

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే ఒకటే పని. మా తాత వెంట తిరగడం, ఆయన విప్పిన ప్రతి నట్టునూ బిగించిన ప్రతి బోల్టునూ వరుస నంబర్లు వేసి నోటుబుక్కులో రాసుకోవడం. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. రాయకపోతే ఆ పని జరిగినట్టే అనిపించేది కాదు, అంతే. ఇప్పుడు చెప్పబోయేది ఆరో తరగతి అయిపోయిన ఎండాకాలం సంగతి.

మా ఊరు చొప్పదండి దగ్గర. మా తాత సాంచాల మిస్త్రీ. పవర్‌లూమ్ మగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కరీంనగర్ పోయే పెద్ద రోడ్డు పక్కన ఒక కార్ఖానా ఉండేది. అందులోని ఇరవై నాలుగు సాంచాల్లో ఏది ఎందుకు మూలుగుతోందో తాత గుమ్మంలో నిలబడి చెవితోనే చెప్పేవాడు. పెళ్లి కాకముందు నుంచీ సైకిల్ మీదే పనికి వెళ్లి వచ్చిన మనిషి. ఆ ఏడాది కుడి మోకాలు మొరాయించింది. సైకిల్ తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మస్కట్‌లో ఉన్న మా బాపు, అంటే నాన్న, ఫోన్ చేసి, పని మానేసి ఇంటిపట్టున ఉండమన్నాడు, అది కుదరకపోతే మోపెడ్ కొనిస్తానన్నాడు. అంత బరువు బండి ఒక పక్కకు ఒరిగితే ఆపే కాలు తనకు లేదని తాత జవాబు. కార్ఖానా వేళలకు ఆ దారిలో ఆటోలు దొరకవు. ఇక మిగిలింది ఇంట్లో కూర్చోవడమే.

తాత నాలుగు రోజులు కూర్చున్నాడు. ఆ నాలుగు రోజుల్లో నానమ్మ మిక్సీని రెండుసార్లు విప్పాడు. అది చెడిపోయిన మిక్సీ కూడా కాదు. నాలుగో రోజు సాయంత్రం నానమ్మ మా అవ్వతో, అంటే అమ్మతో, "గీయిన్ను జల్ది పనికి తోలకపోతే నా ఇల్లంత ఇప్పి కుప్ప పెడ్తడు" అంది. అందరం నవ్వాం. తాత మాత్రం నవ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అరచేతులను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయనను అలా చూడటం నాకు అదే మొదటిసారి.

మర్నాడు మా మేనమామ పత్తి చేలో మందు కొట్టే పాత పవర్ స్ప్రేయర్‌ను మా ఇంట్లో పడేసి పోయాడు. దాని ట్యాంకు పగిలింది, పంపు పోయింది, ఇంజిన్ మాత్రం బాగుంది. తాత దాన్ని వాకిట్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గోడకు ఆనించిన సైకిల్‌ను చూశాడు. నేను నోటుబుక్కు తెచ్చుకున్నాను.

పని తొమ్మిది రోజులు పట్టింది. ఆయన మొదట ముట్టుకున్నది ఇంజిన్‌ను కాదు, బ్రేకులను. ముందూ వెనుకా కొత్త రబ్బర్లు వేశాడు. తర్వాత హ్యాండిల్ మీద బొటనవేలికి అందేచోట, నొక్కగానే ఇంజిన్ ఆగిపోయే మీట పెట్టాడు. సాంచె బాగు చేసేటప్పుడు కూడా అంతేనట. అడ్డంగా వచ్చే పేక నూలు తెగితే సాంచె దానంతటదే ఆగిపోయే ఏర్పాటును ముందు సరిచేసి, ఆ తర్వాతే మిగతా జోలికి పోవాలట. వెనుక చక్రానికి ఒక పెద్ద కప్పీ, కార్ఖానాలో పక్కన పడేసిన బెల్టు, ఇంజిన్ కూర్చోవడానికి ఇనుప పట్టీలు నాలుగు, వణుకు తగ్గడానికి వాటి కింద పాత టైరు ముక్కలు. నా జాబితాలో అన్నీ కలిపి ముప్పై ఒక్క వస్తువులు తేలాయి.

మొదటిసారి అది మా వాడలో నడిచిన పొద్దున నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. తాత నాలుగు అడుగులు నడిపించి, ఎక్కి, వేలితో యాక్సిలరేటర్ తీగను లాగాడు. మందు పంపు చప్పుడే వచ్చింది గానీ సైకిల్ కదిలింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. పిల్లలం వెనకాల పరుగెత్తాం. ఎదురింటి పెద్దమ్మ అరుగు మీదికి వచ్చి, "పత్తికి మందు కొట్టనీకి పోతున్నవా బావా, చేను ఇటు గాదు" అని ఆటపట్టించింది. తాత కాలు కదపకుండా వాడ చివరి దాకా వెళ్లి వచ్చి దిగాడు. మోకాలిని ఒకసారి తడుముకుని నానమ్మ వైపు చూశాడు. నానమ్మ లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది. మా ఇంట్లో ఆ వేళప్పుడు చాయ్ పెట్టడం పండుగ లెక్క.

చిక్కు పెద్ద రోడ్డుతో వచ్చింది. వాడలో నడపడం వేరు, బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు మీద నడపడం వేరు. కార్ఖానా కుర్రాళ్లు తలో మాట చెప్పారు. పోలీసులు గుంజుకుంటారని ఒకడు, నంబరు ప్లేటు రాయించమని ఒకడు. పక్కింటి అన్న మాత్రం సులువైన దారి చెప్పాడు. తెల్లవారుజామున పోయి చీకటి పడ్డాక వస్తే ఎవరూ అడగరట. తాతకు ఆ మాట నచ్చలేదు.

"పనికి పోవుడు దొంగతనమారా, దాసుకొని పోనీకి? ఆపేటోళ్లనే అడుగుదాం, ఎట్ల పోవాల్నో."

అలా ఒక సోమవారం బట్టల తానులు మోసే ట్రాలీ ఆటోలో సైకిల్‌ను ఎక్కించుకుని, కరీంనగర్‌లో బండ్లు రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసుకు వెళ్లాం. రాత్రే నేను అడగాల్సిన ప్రశ్నలు ఏడు రాసి పెట్టుకున్నాను. ఆవరణలో సైకిల్ దించగానే లైసెన్సు కోసం వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. ఆ సందడికి ఇన్‌స్పెక్టర్ మేడం బయటికి వచ్చింది. ఒకసారి చుట్టూ తిరిగి చూసింది. వంగి బ్రేకులు నొక్కి చూసింది. హ్యాండిల్ మీద మీట ఏమిటని అడిగి, చెబితే తల ఊపింది. మమ్మల్ని కసురుకుంటుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం తాతకు కుర్చీ వేయించి, నా చేతిలోని కాగితం తీసుకుని ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెప్పింది.

ఆ రోజు ఆమె చెప్పింది ఇది. మూడు చక్రాలకు మించని బండికి ఉన్న ఇంజిన్ ఇరవై ఐదు సీసీలు దాటకపోతే చట్టం దాన్ని మోటారు వాహనం కింద లెక్కించదు. అది సైకిల్ లెక్కే. దాటిందా, అది మోటారు వాహనం. అప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్సు కావాలి, పొగ సర్టిఫికెట్ కావాలి, నడిపేవాళ్లకు లైసెన్సూ హెల్మెటూ కావాలి. అన్నిటికంటే ముందు, ఆ నమూనా బండి రోడ్డుకు పనికొస్తుందని పరీక్షించే సంస్థ ఒప్పుకుని ఉండాలి. కంపెనీలు చేయించుకునే పరీక్ష అది. వాకిట్లో చేసిన ఒక్క బండికి దాన్ని చేయించడం మన వల్ల అయ్యే పని కాదు. సీసీ అంటే ఏమిటని తాత అడిగాడు. పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికి వస్తే లోపల ఎంత చోటు ఖాళీ అవుతుందో అదని ఆమె చెప్పింది. మా ఇంజిన్ మీద ఉన్న రేకు మందు పడీపడీ అరిగిపోయింది, అంకెలు కనిపించడం లేదు. సరిగ్గా కొలిచి రాసుకుని రమ్మంది, తానూ చూస్తానంది.

తిరిగి వచ్చేటప్పుడు తాత దారి పొడుగునా ఉషారుగా ఉన్నాడు. ఇంత చిన్న ఇంజిన్ ఇరవై ఐదు ఎక్కడ దాటుతుందని ఆయన ధీమా. నాదీ అదే.

ఆ సాయంత్రమే కార్ఖానా నుంచి వెర్నియర్ స్కేలు తెచ్చి ఇంజిన్ విప్పాం. సిలిండర్ అడ్డకొలత ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. పిస్టన్ నడక ఇరవై ఎనిమిది. తాత కొలిచి చెబుతుంటే నేను రాసుకున్నాను. వృత్తం వైశాల్యం లెక్క మా బడిలో ఇంకా రాలేదు, పక్కింటి అక్క పుస్తకంలో చూసి ముందే నేర్చుకుని ఉన్నాను. ఒకసారి చేశాను. మళ్లీ చేశాను. మూడోసారి కూడా ఇరవై ఐదు పాయింట్ నాలుగే వచ్చింది.

ఎంతొచ్చిందని తాత అడిగాడు. ఆయన మొహం నాకు బాగా గుర్తు. చేతులు నూనెతో ఉన్నాయి, కళ్లు నా పెన్ను మీద ఉన్నాయి. సగానికి తక్కువైన పాయింటును వదిలేయాలని మా లెక్కల సారు చెప్పిన మాట నాకు సమయానికి అందివచ్చింది.

"ఇరవై ఐదే తాతా" అన్నాను. నా నోటుబుక్కులోనూ అలాగే రాశాను.

తాత పుస్తకం తీసుకుని చూశాడు. పక్కన నేను చేసిన గుణకారాలు ఉన్నాయి. వాటిని చూశాడో లేదో అప్పుడు తెలియలేదు. "మంచిది" అని మాత్రం అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, తానుల కోసం పోతున్న ట్రాలీ ఆటోలో నన్ను కార్ఖానాకు తీసుకుపోయాడు. ఒక సాంచె మీదికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులన్నీ, ఎక్కించారు. కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి రెండు గజాలు పరీక్షకే నేస్తారు, ఆ గుడ్డ అమ్మకానికి పోదు. సాంచె ఆడటం మొదలుపెట్టే ముందు తాత, పోగులను వరుసగా పట్టి ఉంచే దువ్వెనలాంటి పన్నె దగ్గర వంగి, రెండు వేల చిల్లర పోగుల్లో ఒక్కదాన్ని బయటికి లాగేశాడు. నన్ను పిలిచి చూపించాడు. ఆ ఖాళీ నాకు కనిపించనే లేదు. ఆ ఒక్క పోగూ లేకుండా పోతే ఏమైనా తేడా వస్తుందా అని అడిగాడు. ఒక్క పోగుతో ఏమొస్తుందని నేనన్నాను.

సాంచె ఆడింది. గుడ్డ గజం దాకా దిగాక తాత ఆపి, దాన్ని చేత్తో ఎత్తి వెలుతురుకు అడ్డంగా పట్టాడు. మొదటి నుంచి చివరి దాకా సూదితో గీసినట్టు తెల్లటి గీత ఒకటి ఉంది. అంత గుడ్డలో నా కళ్లు ఆ గీత మీదికే పోతున్నాయి.

"ఒక్క పోగే గదరా బిడ్డా. ఎంత నేస్తే అంత పొడుగు ఒస్తది, సూడు."

నిన్నటి లెక్క ఊసే ఎత్తలేదు. లాగేసిన చోట కొత్త పోగు ఎక్కించి, ముడి వేసి, సాంచె నడిపించాడు. సాంచాల మోతలో నేను ఏమన్నా వినిపించదు కాబట్టి ఆయన చొక్కా పట్టి బయటికి లాక్కొచ్చాను. పాయింట్ నాలుగు ఉందని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు. ఇప్పుడు ఆయన మళ్లీ ఇంట్లో కూర్చోవాలి కదా అని.

తాత నా నెత్తి మీద చెయ్యేసి, గుణకారాలు తనకూ వస్తాయనీ రాత్రే చూశాననీ చెప్పాడు. "ఏడుస్తవెందుకు? గా ఇంజిన్ గాకపోతే ఇంకోటి. కొలత దెలిసింది గద, ఇగ ఎతుకుడు అల్కగైతది."

నేను ఇరవై ఐదును కొట్టేసి పక్కన ఇరవై ఐదు పాయింట్ నాలుగు అని రాశాను. వెతకడం మాత్రం ఆయన అన్నంత తేలిక కాలేదు. చొప్పదండిలో స్ప్రేయర్లు బాగు చేసే దుకాణాలకు వారం రోజులు తిరిగాం. నేను వెర్నియర్ పట్టుకుని తుక్కు కుప్పల్లో ఒక్కో సిలిండర్‌నూ కొలుస్తుంటే, దుకాణదారు ఒకాయన "గీ పోరడు ఇంజిన్లకు పెండ్లి సంబంధం సూస్తుండా" అన్నాడు. ఎనిమిదో రోజు పాత రకం చిన్న ఇంజిన్ ఒకటి దొరికింది. అడ్డకొలత ముప్పై రెండు, నడక ఇరవై ఎనిమిది. అక్కడే తుక్కు మీద కూర్చుని లెక్క చేశాను. ఇరవై రెండున్నర. నేను కేక వేస్తే తాత ఉలిక్కిపడి చేతిలోని చాయ్ ఒలకబోసుకున్నాడు.

రెండోసారి కరీంనగర్ వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ మేడం మా పుస్తకమే ముందు అడిగింది. కొట్టేసిన ఇరవై ఐదునూ, పక్కన రాసిన అంకెనూ, తర్వాతి పేజీలోని కొత్త లెక్కనూ వరుసగా చూసింది. కొట్టేసిన అంకె దగ్గర వేలు పెట్టి నా వైపు చూసి నవ్వింది. నేను తల వంచుకున్నాను. తర్వాత ఇంజిన్ తల విప్పించి తానే కొలిచి సరిపోయిందంది. ఇక ఆమె జాబితా: గంట ఉండాలి, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి, ఎడమ అంచునే పోవాలి, చట్టం అడగకపోయినా నెత్తికి హెల్మెట్ పెట్టుకోవాలి, పిల్లలకు ఇవ్వకూడదు. ఆఖరిది చెప్పేటప్పుడు నన్నే చూసింది.

తాతకు ఇంకా ఒక వెలితి ఉంది. ఏదైనా కాగితం మీద ముద్ర వేసి ఇమ్మని అడిగాడు. ఇది మోటారు వాహనమే కాదు కాబట్టి కాగితం ఇవ్వడానికి లేదని మేడం చెప్పింది. తాత కదల్లేదు.

"ఏ కాగితం అక్కెర లేదని ఒక కాగితం రాసియ్యరాదు బిడ్డా?"

ఆఫీసంతా నవ్వింది. మేడం కూడా నవ్వి, ఎవరైనా ఆపితే మనవడి పుస్తకం చూపించమంది.

నిజంగానే ఆపారు. పెద్ద రోడ్డెక్కిన రెండో రోజే, కార్ఖానా ఇంకా అర కిలోమీటరు ఉందనగా ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడట. తాత మీట నొక్కి ఆపి, దిగి, పుస్తకం తీసి పేజీ చూపించాడట. కానిస్టేబుల్ చాలాసేపు చదివి, ఇంజిన్ దగ్గర వంగి చూసి, చివరికి ఒకే ప్రశ్న అడిగాడట. తన మామకు కూడా మోకాలు నొప్పేనట, ఇలాంటిది ఇంకొకటి చేసిస్తారా అని. సాయంత్రం ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతూ తాత నవ్విన నవ్వు వాడ చివరి దాకా వినిపించింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన పనికి పోయాడు. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న ఇంజిన్ ఆయాసపడేది. అప్పుడు దిగి, పక్కన నడుస్తూ, దాన్ని మెల్లగా ఎక్కించేవాడు.

ఇంజనీరింగ్ చదివి నేనిప్పుడు యంత్ర భాగాలు కొలిచి సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను. పాయింటు తర్వాతి అంకె ఇబ్బంది పెట్టే రోజులు ఈ పనిలో తరచూ వస్తాయి. ఆ అంకెను కొంచెం తగ్గించి రాస్తే అందరూ ఆ రోజు సంతోషంగా ఇంటికి పోతారు. అలాంటప్పుడు నేను వచ్చిన అంకెను వచ్చినట్టే రాసి, లేచి, ఇంకొక ఇంజిన్‌ను వెతకడానికి వెళతాను.