మామ్మ బొటనవేలు

సంతలో మిరియాలమ్మే మామ్మ దేన్నయినా బొటనవేలితో నొక్కి చూడందే నమ్మేది కాదు. ఆమె వస్తోందంటే అరకు సంతలో పనసపళ్లన్నీ ఊపిరి బిగబట్టేవి. ఓసారి, ఏటా ఆమె దగ్గరే మిరియాలు కొనే నా పొట్టనూ నొక్కి, "ఇంకా ముగ్గలేదు బాబూ" అంది.

ఆమె కిడ్నీలు పాడయ్యాక నా కారులోనే విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఘాట్‌రోడ్డుకు ఆ రోజు వెయ్యి మలుపులు కొత్తగా మొలిచాయి. డయాలసిస్ వెంటనే మొదలుపెట్టమని ఆమె కూతురూ నేనూ తొందరపెట్టాం. డాక్టరమ్మ మమ్మల్ని ఆగమని, "మీకేం కావాలి మామ్మా?" అంది.

"అది సేయించుకోకపోతే ఏటవుద్ది?"

"ఆయాసం తగ్గడానికి మందులిస్తాం. కానీ తొందరగా పోవచ్చు. చేయించుకుంటే ఇంకొంతకాలం ఉండొచ్చు, వారానికి మూడుసార్లు ఇక్కడికి రావాలి."

మామ్మ వాచిన తన పాదాన్ని నొక్కి చూసుకుంది. పడిన సొట్ట అలాగే ఉండిపోయింది.

"నా మిరియాల తీగల కాడే ఉంటాను. మందులియ్యండమ్మా."

కూతురు బావురుమంది. "కాయితంలో అదే రాయండి, మాయమ్మ మాటే" అంది ఏడుస్తూనే.

"మనసు మారితే ఎప్పుడైనా రండి" అంది డాక్టరమ్మ.

నా పళ్లు టకటకలాడుతుంటే మామ్మ నా చెయ్యి నొక్కింది.

"బయపడకు బాబూ."

పనసపళ్లను హడలెత్తించిన ఆ వేలు వణుకుతోంది.